డాక్టర్ బాబు చేయించుకోని పరీక్ష

స్టార్ మాలో 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా నడిచిన ‘కార్తీక దీపం’ కథంతా ఒక వైద్య నివేదిక చుట్టూ తిరిగింది. గుండె డాక్టరు కార్తీక్‌కు పిల్లలు పుట్టే అవకాశమే లేదని, అతని మీద ఆశ పెట్టుకున్న గైనకాలజిస్టు మోనిత అబద్ధపు రిపోర్టుతో నమ్మిస్తుంది. తర్వాత అతని భార్య దీప గర్భవతి అయ్యేసరికి, ఆమె శీలమే చెడిందని అతను తేల్చేసుకుంటాడు. డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోమని ప్రేక్షకులు ఏళ్ల తరబడి సోషల్ మీడియాలో మొత్తుకున్నారు. ఆ మొరలో న్యాయం ఉంది. అయితే దానికన్నా ముందు జరగాల్సిన పరీక్ష ఒకటుంది. అది కార్తీక్ ఒంటికి సంబంధించినది. దాని గురించి అంతగా ఎవరూ అడగలేదు. లోపాన్ని ముందు ఆడవాళ్ల వైపే వెతికే, మన ఇళ్లలో అలవాటైన ఆలోచనే అక్కడ బయటపడిందని నాకనిపిస్తుంది.

మగవారి సంతాన సామర్థ్యం గురించి మొదట చేసేది వీర్య పరీక్ష. పెద్ద ఖర్చు లేదు, పెద్ద యంత్రాలూ అక్కర్లేదు. కానీ దాని ఫలితం ఒకేలా ఉండదు. గట్టిగా జ్వరం వచ్చినా, కొన్ని మందులు వాడినా శుక్రకణాల సంఖ్య పడిపోయి, కొన్నాళ్లకు మళ్లీ పెరగవచ్చు. ఒక శుక్రకణం తయారు కావడానికే సుమారు రెండున్నర నెలలు పడుతుంది. అందుకే మొదటి ఫలితం తేడాగా వస్తే వైద్యులు కొంత విరామమిచ్చి మళ్లీ చేయిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో విడుదల చేసిన మార్గదర్శిలో మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు అనే కింది హద్దు ఉంది. ప్రయత్నం మొదలుపెట్టిన ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన మగవారిని పరిశీలించి, వారిలో నూటికి ఐదుగురు ఏ అంకెకు దిగువన ఉన్నారో దాన్నే హద్దుగా తీసుకున్నారు. అంటే ఆ హద్దుకు దిగువన ఉన్నవారికీ పిల్లలు పుడుతున్నారన్నమాట. అసలు కణాలే కనిపించకపోతే దారి మూసుకుపోయిందా, తయారీయే ఆగిందా అని వెతకాలి. వై క్రోమోజోమ్‌లో ముక్కలు లోపించడం కూడా ఒక కారణం. హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) శాస్త్రవేత్తలు దాని మీదా పరిశోధనలు చేశారు. ఇన్ని మెట్లున్న నిర్ధారణను సీరియల్ ఒక కాగితంతో, అదీ స్వార్థమున్న మనిషి చేతిలోని కాగితంతో ముగించేసింది. రోగుల రిపోర్టులు రోజూ చదివే డాక్టరు తన రిపోర్టును మాత్రం రెండోసారి చూడకపోవడం నమ్మశక్యంగా లేదు.

డీఎన్‌ఏ పరీక్షే చేయిస్తే అన్నీ ఒక్క దెబ్బకు తేలిపోయేవి కదా అనవచ్చు. ఆ శాస్త్రం మన దేశంలో వేళ్లూనుకున్నది ఇదే హబ్సిగూడలో. 1984లో బ్రిటన్‌లో అలెక్ జెఫ్రీస్ కనిపెట్టిన పద్ధతికి తోడుగా, లాల్జీ సింగ్ సీసీఎంబీలో కట్లపాము జాతి పాము డీఎన్‌ఏ ఆధారంగా మన సొంత పద్ధతిని తయారుచేశారు. కేరళలోని తలశ్శేరి కోర్టుకొచ్చిన పితృత్వ వివాదాన్ని తేల్చింది ఇక్కడి పరీక్షే. పరీక్ష సత్తా మీద నాకు సందేహం లేదు. కానీ దాన్ని అడగడమంటే పిల్లల పుట్టుకను బోనులో నిలబెట్టడమే. అందుకే చట్టం తొందరపడదు. వివాహబంధంలో పుట్టిన బిడ్డ ఆ దంపతుల బిడ్డే అని 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షన్ భావించమంది. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ సూత్రం కొనసాగుతోంది. భార్యాభర్తల తగాదాల్లో పిల్లలకు డీఎన్‌ఏ పరీక్షలు మామూలు తంతుగా ఆదేశించకూడదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. భర్త వీర్య పరీక్షకు ఈ చిక్కులేవీ లేవు.

పరీక్ష జరిగితే కథ అయిపోతుందని, సీరియల్‌ను వైద్యపాఠంలా చూడకూడదని కొందరంటారు. కథకు కల్పన హక్కే. అయినా ఈ కల్పన నిజజీవితంలోని అలవాటునే బలపరుస్తుంది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణం, విడిగానో స్త్రీ వైపు కారణంతో కలిసో, ఉంటుంది. అయినా ఆసుపత్రుల చుట్టూ ముందు తిరిగేది ఆడవాళ్లే. రెండో పరీక్షకు వెళ్లడానికి కార్తీక్ నామోషీ పడ్డట్టు, తల్లి బతిమాలినా మొండికేసినట్టు చూపించి ఉంటే కథ ఎన్ని వందల ఎపిసోడ్లయినా నడిచేది. చూసేవాళ్ల ప్రశ్న మాత్రం దీపను వదిలి అతని వైపు తిరిగేది.