కరోనా టైమ్‌లో షట్టర్లు మూసినా.. రెస్టారెంట్ కంపెనీలు ఎలా నిలబడ్డాయి? అసలు లెక్క ఇదీ!

2020 మార్చి 25. దేశమంతా లాక్‌డౌన్. హైదరాబాద్ నుంచి విశాఖ దాకా హోటళ్లు, రెస్టారెంట్ల షట్టర్లు దిగిపోయాయి. గల్లాపెట్టెలోకి డబ్బులు రావడం ఆగిపోయింది. కానీ అద్దె, జీతాలు, బ్యాంకు వాయిదాలు మాత్రం ఆగలేదు. అప్పుడు మూసిన చిన్న హోటళ్లు ఎన్నో మళ్లీ తెరుచుకోలేదు. పెద్ద రెస్టారెంట్ కంపెనీలు మాత్రం చాలావరకు తట్టుకున్నాయి. కొన్నయితే కరోనా టైమ్‌లోనే స్టాక్ మార్కెట్లోకి వచ్చాయి. ఇంతకీ ఇవి ఏం చేశాయి? ఆ భారం ఎవరి మీద పడింది?

లాభం కాదు.. చేతిలో డబ్బెంత?

హోటల్ బిజినెస్‌లో ఓ విచిత్రం ఉంది. కస్టమర్ తిన్న వెంటనే బిల్లు కట్టేస్తాడు. చికెన్, పాలు, కిరాణా సరుకు ఇచ్చేవాళ్లకు మాత్రం కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు ఆగి ఇస్తారు. అంటే ఇవాళ్టి గల్లాతో పాత బాకీలు తీరుతుంటాయి. వ్యాపారం నడుస్తున్నంతకాలం ఇబ్బంది ఉండదు. ఒక్కసారిగా షట్టర్ మూస్తే కొత్త డబ్బు రాదు, పాత బాకీలు మాత్రం వరసపెట్టి వస్తాయి.

ఖర్చుల్లోనూ రెండు రకాలున్నాయి. సరుకులు, గ్యాస్ ఖర్చు అమ్మకాలతోపాటే తగ్గుతుంది. అద్దె, జీతాలు, అప్పుల వాయిదాలు తగ్గవు. అందుకే ఆ సమయంలో కంపెనీలు లాభం ఎంత అని చూసుకోలేదు. చేతిలో ఉన్న నగదు ఎన్ని వారాలకు సరిపోతుందన్నదే అసలు ప్రశ్న అయింది.

అమెరికాలో బయటపడ్డ 16 వారాల లెక్క

ఇలాంటి లెక్కలు మామూలుగా కంపెనీ గడప దాటవు. అమెరికాలో ఒకటి మాత్రం బయటికొచ్చింది. అది చీజ్‌కేక్ ఫ్యాక్టరీ అనే పెద్ద రెస్టారెంట్ చెయిన్‌ది. 2020 మార్చిలో డైనింగ్ హాళ్లు మూతపడటంతో ఏప్రిల్ నెల అద్దె కట్టలేమని బిల్డింగ్ ఓనర్లకు లేఖలు రాసింది. బ్యాంకుల దగ్గర ముందే మంజూరై ఉన్న రుణంలోంచి 9 కోట్ల డాలర్లు తీసుకుంది. గంటల లెక్కన పనిచేసే సుమారు 41 వేల మందిని జీతం లేని సెలవుపై ఇంటికి పంపింది. ఏప్రిల్‌లో రోర్క్ క్యాపిటల్ అనే ఇన్వెస్ట్‌మెంట్ సంస్థ నుంచి 20 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. మన లెక్కలో దాదాపు 1,500 కోట్ల రూపాయలు.

అయితే అసలు విషయం డిసెంబర్‌లో తెలిసింది. పార్సిళ్లు, డెలివరీలతో బాగానే నడిపిస్తున్నామని కంపెనీ ఇన్వెస్టర్లకు చెప్పింది. అదే సమయంలో వారానికి సుమారు 60 లక్షల డాలర్ల నగదు కరిగిపోతోందని, మిగిలింది దాదాపు 16 వారాలకే సరిపోతుందని లోపలి పత్రాల్లో ఉన్నట్టు అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ తేల్చింది. ఆరోపణలను ఒప్పుకోకుండా, కాదనకుండా కంపెనీ 1.25 లక్షల డాలర్ల జరిమానా కట్టింది.

ఇక్కడ అద్దె భారం ఓనర్ మీదకు, జీతాల భారం వర్కర్ మీదకు వెళ్లింది. కొత్తగా వచ్చిన డబ్బుకు తగ్గట్టు కంపెనీలో వాటాదారుల లెక్కలూ మారాయి.

మన దేశంలో డొమినోస్ ఏం చేసింది?

మన దగ్గరా దారులు దాదాపు ఇవే. భారత్‌లో డొమినోస్ నడిపే జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్‌కు 2020 ఏప్రిల్-జూన్‌లో 74 కోట్ల రూపాయలకు పైగా నష్టం వచ్చింది. కంపెనీ వెంటనే నష్టాల్లో ఉన్న వంద దాకా అవుట్‌లెట్లను మూసేయాలని నిర్ణయించింది. బిల్డింగ్ ఓనర్లతో మాట్లాడి అద్దెలు తగ్గించుకుంది. డెలివరీ నెట్‌వర్క్ ముందునుంచే సొంతంగా ఉండటం పెద్ద ప్లస్ అయింది. అదే ఏడాది అక్టోబర్-డిసెంబర్ వచ్చేసరికి 120 కోట్లకు పైగా లాభంలోకి వచ్చింది. పైగా బార్బెక్యూ నేషన్‌లో సుమారు 92 కోట్లు పెట్టి వాటా కూడా కొనేసింది. కష్టకాలంలో చేతిలో డబ్బున్న కంపెనీ నిలబడటమే కాదు, పక్క కంపెనీలో వాటా కూడా కొనగలిగింది.

డబ్బు తక్కువైన కంపెనీలు షేర్లు అమ్మాయి. బర్గర్ కింగ్ ఇండియా నష్టాల్లో ఉన్నా 2020 డిసెంబర్‌లో 810 కోట్ల ఐపీఓకు వచ్చింది. ఇందులో కంపెనీ చేతికి వచ్చింది 450 కోట్లే. మిగతాది పాత వాటాదారు అమ్ముకున్న షేర్ల డబ్బు. 60 రూపాయలకు ఇచ్చిన షేరు మొదటి రోజే 100 దాటింది. 2021 మార్చిలో బార్బెక్యూ నేషన్ కూడా ఐపీఓకు వచ్చింది. అందులో కొంత డబ్బును అప్పులు తీర్చడానికే కేటాయించింది.

అద్దె కట్టనంటే కుదురుతుందా?

లాక్‌డౌన్ పెట్టింది ప్రభుత్వం కదా, అద్దె ఎందుకు కట్టాలి? ఈ ప్రశ్న కోర్టు దాకా వెళ్లింది. ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లోని ఓ షాపు కేసులో 2020 మేలో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చింది. అద్దె మాఫీ కోరే హక్కు ఒప్పందంలో ఏం రాసుకున్నారన్న దాన్ని బట్టే ఉంటుందని చెప్పింది. ఆ కేసులో మాఫీకి ఒప్పుకోలేదు. కట్టడానికి కొంత గడువు మాత్రం ఇచ్చింది. అంటే ఓనర్‌తో బేరమాడే బలం ఎవరికుందన్నదే కీలకం. వంద షాపులున్న కంపెనీ ఖాళీ చేస్తానంటే ఓనర్ ఆలోచిస్తాడు. ఒక్క టిఫిన్ సెంటర్ నడిపేవాళ్ల మాట అంతగా చెల్లదు. అడ్వాన్స్‌లోంచి అద్దె మినహాయించుకుంటూ పోతే చివరికి షాపే ఖాళీ చేయాల్సి వస్తుంది.

చిన్న హోటళ్లకు ఏం దక్కింది?

బ్యాంకు వాయిదాలపై రిజర్వ్ బ్యాంక్ 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు మారటోరియం ఇచ్చింది. మేలో కేంద్రం 3 లక్షల కోట్ల అత్యవసర రుణ హామీ పథకం ప్రకటించింది. పాత బాకీలో 20 శాతం వరకు కొత్త లోన్. తాకట్టు అక్కర్లేదు. 2021 మార్చి చివర్లో హోటల్, రెస్టారెంట్ రంగానికి దీన్ని 40 శాతానికి పెంచారు.

మెలిక ఇక్కడే ఉంది. పాత లోన్ ఉంటేనే కొత్తది వస్తుంది. సొంత డబ్బుతో, చిట్టీ పాడిన సొమ్ముతో, బంధువుల చేబదులుతో హోటల్ పెట్టుకున్నవాళ్లు బ్యాంకు రికార్డుల్లోనే లేరు. వాళ్లకు దీనివల్ల ఒరిగింది శూన్యం. తోపుడు బండ్ల వాళ్లకు పీఎం స్వనిధి కింద మొదట 10 వేల లోన్ వచ్చింది. పెద్ద కంపెనీకి, తోపుడు బండికి మధ్యలో ఉన్న మెస్సులు, టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు ఎక్కువగా బంగారం తాకట్టు మీద, ప్రైవేటు వడ్డీల మీదే ఆధారపడాల్సి వచ్చింది.

రెండో దెబ్బ నేర్పిన పాఠం

2021 మేలో సెకండ్ వేవ్ ఉధృతంగా ఉంది. ఏపీలో మధ్యాహ్నం నుంచి కర్ఫ్యూ, తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్. అప్పటికే పెద్ద కంపెనీల దగ్గర ఐపీఓ డబ్బు, తగ్గించుకున్న అద్దెలు, సెట్ చేసుకున్న డెలివరీ ఉన్నాయి. మొదటి దెబ్బకే పొదుపంతా ఊడ్చిపెట్టుకుపోయిన చిన్న హోటళ్ల దగ్గర ఇవేవీ లేవు.

అందుకే హోటల్ నడిపేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి మూడే. కనీసం రెండు మూడు నెలల అద్దె, జీతాలకు సరిపడా డబ్బు పక్కన ఉండాలి. వ్యాపారం బాగున్నప్పుడే బ్యాంకుతో లావాదేవీ మొదలుపెట్టాలి. ప్రభుత్వ ఆదేశాలతో షాపు మూతపడితే అద్దె సంగతేంటో ఒప్పందంలో ముందే రాయించుకోవాలి. షట్టర్ దించాక ఇవి చేద్దామంటే వినేవాళ్లు ఉండరు.