డిగ్రీ పట్టా తర్వాత: నల్లగొండ, పాలమూరు కొలువుల వేటలో అపోహలు – వాస్తవాలు

నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలో డిగ్రీ ముగించిన పిల్లల్లో చాలామంది నేరుగా హైదరాబాద్‌లోని అశోక్‌నగర్‌కో, దిల్‌సుఖ్‌నగర్‌కో బస్సెక్కుతారు. కోచింగ్ కంటే ముందే అక్కడ వినబడే మాటలు కొన్నున్నాయి. వాటిలో నిజమెంత?

అపోహ: పోటీ లక్షల్లో ఉంది, మనకెక్కడొస్తుంది?

వాస్తవం: 2022 డిసెంబర్ గ్రూప్-4 నోటిఫికేషన్‌కు దరఖాస్తులు సుమారు 9.5 లక్షలు, పోస్టులు ఎనిమిది వేల పైచిలుకు. అయితే ఆ లక్షల మందీ మీకు పోటీ కాదు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జూనియర్ అసిస్టెంట్ వంటి జిల్లా కేడర్ పోస్టుల్లో 95 శాతం ఆ జిల్లా స్థానికులకే. నోటిఫికేషన్‌లో ముందు చూడాల్సింది మొత్తం సంఖ్య కాదు, మీ జిల్లాలో మీ రిజర్వేషన్ వర్గానికి ఉన్న ఖాళీలు. ఏ పరీక్షకు ఎంత సమయం పెట్టాలో చెప్పేది ఆ పట్టికే.

అపోహ: హైదరాబాద్‌లో డిగ్రీ చదివితే అక్కడి లోకల్ అవుతాం.

వాస్తవం: కారు. స్థానికత తేలేది 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కువ కాలం ఎక్కడ చదివారన్న దానిమీద. ఆ లెక్కన నల్లగొండ వాళ్లు యాదాద్రి జోన్‌లో, మహబూబ్‌నగర్ వాళ్లు జోగులాంబ జోన్‌లో ఉంటారు. రెండూ మల్టీజోన్-2 కిందికే వస్తాయి. చిన్నప్పటి బడుల నుంచి బోనఫైడ్లు ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి. సర్టిఫికెట్ల పరిశీలన నాడు ఉరుకులాట తప్పుతుంది.

అపోహ: నోటిఫికేషన్ పడిందంటే ఏడాదిలో కొలువు.

వాస్తవం: ఒక్కోసారి అంతకన్నా ముందే రావచ్చు. 2024 ఫిబ్రవరిలో వెలువడిన టీచర్ల డీఎస్సీ నోటిఫికేషన్‌కు అదే ఏడాది అక్టోబర్‌లో నియామక పత్రాలిచ్చారు. గ్రూప్-1 కథ వేరు. 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్‌లో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. నియామక పత్రాలు అందింది 2025 సెప్టెంబర్‌లో, అదీ కోర్టు తుది తీర్పుకు లోబడి. గది కిరాయి, మెస్ బిల్లు మాత్రం ఏ నెలా ఆగలేదు.

అపోహ: ప్రైవేటులో చేరితే సర్కారు నౌకరి ఆశ వదులుకున్నట్టే.

వాస్తవం: ప్రైవేటు ఉద్యోగి పోటీ పరీక్ష రాయకూడదన్న నిబంధన ఏదీ లేదు. చదువుకునే సమయం తగ్గుతుంది, అది నిజమే. కానీ చేతిలో జీతం ఉంటే ఇంకో ఏడాది ఆగే ఓపిక ఉంటుంది. బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లకు జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో అరబిందో, హెటిరో వంటి ఫార్మా కంపెనీలున్నాయి. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద స్టైపెండ్‌తో పని నేర్చుకునే దారీ ఉంది. అయితే శిక్షణ అయ్యాక అక్కడే ఉద్యోగం ఇచ్చి తీరాలని ఆ చట్టం చెప్పదు. కోచింగ్‌కు పట్నమే పోనక్కర్లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలోనూ బీసీ స్టడీ సర్కిళ్లు ఉన్నాయి.

అపోహ: పైసలిస్తే పనైతది.

వాస్తవం: గ్రూప్-1 పేపర్ లీకేజీ తర్వాత ఈ అనుమానం రావడం సహజం. కానీ ఆ లీకేజీ ఎవరికీ కొలువు తెచ్చిపెట్టలేదు. కేసులు పడ్డాయి, పరీక్ష రద్దయింది, కష్టపడి చదివిన వాళ్లూ మళ్లీ రాయాల్సి వచ్చింది. గ్రూప్-1, గ్రూప్-2లకు 2022లోనే ఇంటర్వ్యూలు ఎత్తేశారు. ఇక దళారి మార్కులు వేయించేదెక్కడ? ప్రైవేటులోనూ డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు కట్టాకే ఆఫర్ లెటర్ అన్నారంటే అక్కడే ఆగండి. ఆన్‌లైన్‌లో ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అపోహ: ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెడితే ఎవరికి తెలుస్తుంది?

వాస్తవం: పీఎఫ్ కట్టిన ప్రతి ఉద్యోగమూ యూఏఎన్ నంబర్ కింద నమోదై ఉంటుంది. మీరు చెప్పిన కంపెనీ అందులో లేకపోతే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ప్రశ్న వస్తుంది. చేరిన తర్వాత బయటపడితే ఆ ఉద్యోగమే పోవచ్చు.

నోటిఫికేషన్ తేదీ, కోర్టు తీర్పు మన చేతిలో లేవు. ఎన్ని నెలలు పూర్తిగా చదువుకే పెట్టాలి, ఇంటి నుంచి ఎంత తీసుకోవాలి, ఏ నెల నుంచి ఏదో ఒక పనిలో చేరి చదువు సాగించాలి అన్నవి మాత్రం మన చేతిలోనివే. పట్నం బస్సెక్కక ముందే అమ్మానాన్నలతో కూర్చుని ఈ మూడూ కాగితం మీద రాసుకోండి.