నీరు నేర్పిన ఈత

"చేపపిల్లకు ఈత నేర్పవలెనా?" అని తెలుగువారి సామెత. వంశవిద్యకు గురువు అక్కరలేదని దాని తాత్పర్యం. అది నిజమే. గ్రుడ్డు వీడిన పిల్ల ఎవరినీ అడుగకయే ఈదును. కాని ఆ విద్య ఒక్కసారి అబ్బినంత మాత్రాన ముగిసిపోవునది కాదు. ఋతువు మారినప్పుడు కొన్ని చేపలు తమ కండను మరల కూర్చుకొనుచున్నవనియు, ఆ కూర్పును నడపునది నీటి వేడిమి యనియు గడచిన అర్ధశతాబ్దిలో జీవశాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

మనుష్యుని ఒంటి వేడిమి మాఘమాసపు చలిలోనైనను, రోహిణి కార్తె ఎండలోనైనను ఇంచుమించు ఒక్కటే. చేపకు ఆ వసతి లేదు. నీరు చల్లబడినచో దాని నెత్తురూ కండా కూడ చల్లబడును. పది డిగ్రీల వేడిమి తగ్గినప్పుడు జీవకణములలోని రసాయన చర్యల వేగం సుమారు సగమునకు దిగునని ఒక స్థూలసూత్రం కలదు. వేసవిలో 30 డిగ్రీల సెంటీగ్రేడు ఉన్న నీరు చలికాలంలో 10 డిగ్రీలకు దిగెనేని, ఆ లెక్కన కండ చేయు పని నాలుగవ వంతుకు పడిపోవలెను. ఒడ్డున పొంచియున్న కొంగ ఒంటి వేడిమి మాత్రం తగ్గదు. దాని ముక్కు విసురూ తగ్గదు. కనుక చలిలో ఈత మందగించుట చేపకు ప్రాణసంకటమే.

కండను కదలించునది మయోసిన్ అను మాంసకృత్తు. ఏటీపీ అను ఇంధనాన్ని విడగొట్టి, ఆ శక్తితో అది ప్రక్కనున్న ఆక్టిన్ పోగులను లాగును. ఆ లాగుటలోని వేగమే తోక విసురులోని వేగం. 1975లో జాన్‌స్టన్, డేవిసన్, గోల్డ్‌స్పింక్ అను పరిశోధకులు గాజుతొట్లలో పెంచు బంగారుచేపలను కొన్నిటిని 1 డిగ్రీ నీటికి, మరికొన్నిటిని 26 డిగ్రీల నీటికి అలవాటుపరచి, వాటి కండపోగులను పరీక్షించినారు. చలికి అలవడిన చేపల కండ, చల్లని స్థితిలో, రెండవ జట్టు కండకంటె చురుకుగా ఇంధనాన్ని విడగొట్టినది. చేప చలిని కేవలం ఓర్చుకొనుటలేదనియు, చలికి తగిన కండను కట్టుకొనుచున్నదనియు దీనివల్ల తేలినది.

ఇది ఎట్లు సాధ్యము? సమాధానం జన్యువులలో దొరకినది. టోక్యో విశ్వవిద్యాలయంలోని షుగో వతబే బృందం బంగారుతీగ చేపను పరిశీలించి, దాని వేగకండరంలోని మయోసిన్‌కు మూడు రకముల జన్యువులు పనిచేయుచున్నవని 1997లో ప్రకటించినది. 10 డిగ్రీల నీట పెరిగిన చేపలో ఒక రకము, 30 డిగ్రీల నీట మరియొక రకము ప్రాబల్యం వహించును. మూడవది నడిమి రకము. నిఘంటువులో మాటలన్నియు ఉండును. వక్త సందర్భమునకు తగినవానినే వాడును. అట్లే జన్యువులన్నియు ప్రతి కణములోను ఉన్నను, నీటి వేడిమిని అనుసరించి కొన్నిటికి మాత్రమే ప్రతులు తయారై, ఆ ప్రతులనుబట్టి మాంసకృత్తు రూపొందును.

ఈ మార్పునకు మూల్యము కలదు. చలికాలపు మయోసిన్ చురుకైనదే గాని, వేడి తగిలినచో దాని కట్టు త్వరగా సడలును. వేసవి మయోసిన్ దృఢమైనది గాని, చలిలో మందమైనది. పైగా ఒకదాని స్థానంలో మరొకటి నిండుటకు కొన్ని వారములు పట్టును. ఋతువు మెల్లగా మారిన చేపకు వ్యవధి చిక్కును. నీరు హఠాత్తుగా మారిన చిక్కదు. 1957లో బాంకాక్ నుండి మన దేశానికి తెచ్చిన బంగారుతీగ నేడు ఆంధ్రదేశపు చెరువులలో సుపరిచితము. కొల్లేటి పరిసరాల నీరు 10 డిగ్రీలకు చల్లబడదు గనుక, అక్కడి చేపకు ఆ చలివిద్య అంతయు ప్రయోగించు అవసరమే రాదు.

పెద్ద చేప ఇట్లు మారగలదు, మరల వెనుకకూ రాగలదు. గ్రుడ్డులోని పిండమునకు తగిలిన వేడిమి సంగతి వేరు. గంగా బ్రహ్మపుత్రల పరీవాహమున పుట్టిన చిన్న చారల చేప ఒకటి కలదు. దానిని జీబ్రాచేప అందురు. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో దాని గ్రుడ్లను 22, 27, 32 డిగ్రీల నీళ్లలో వేరువేరుగా పొదిగించి, పిల్లలు వెలువడిన పిమ్మట అన్నిటిని ఒకే వేడిమిలో పెంచినారు. పెరిగిన చేపలను చలికి, వేడికి అలవాటుపరచి చూడగా, అలవడు శక్తిలోను, ఈతలోను, కండలో పలికిన జన్యువులలోను గ్రుడ్డునాటి భేదము నిలిచియే యున్నదని 2012లో స్కాట్, జాన్‌స్టన్‌లు ప్రకటించినారు. అట్లాంటిక్ సాల్మన్ విషయంలోను ఇదే కనబడినది. కన్నులు నల్లబడువరకు పిండము ఏ వేడిమిలో ఉన్నదో, దానినిబట్టి పెద్దచేప కండలోని తంతువుల సంఖ్య మారినది. పరీక్షించిన 2, 5, 8, 10 డిగ్రీలలో 5 డిగ్రీలవి అధికముగా తంతువులను పొందినవి.

నేడు భూమి వేడెక్కుచున్నది. ఏళ్లూ చెరువులూ వేడెక్కుచున్నవి. ఎన్ని డిగ్రీలకు చేప చచ్చును, ఎన్ని డిగ్రీలకు బ్రతుకును అని మాత్రమే లెక్కించినచో సగము విషయమే తెలియును. బ్రతికియున్న చేప ఎట్టి కండతో బ్రతుకునన్నది రెండవ సగము. అది చాలవరకు ఎవరి కంటికీ కనబడని పిండదశలో నిర్ణయమగుచున్నది. బొచ్చె, శీలావతి గ్రుడ్లు మన ఉత్పత్తి కేంద్రాలలో ఒక్క దినము లోపుననే పిల్లలగును. పెంపకందారు చెరువుకు పెట్టు మేతను, మందును తూచి చూచును. గ్రుడ్లు పొదిగిన ఆ కొద్ది గంటల నీటి వేడిమిని కూడ అంత శ్రద్ధగా వ్రాసి ఉంచుకొనుట అతనికి పెద్ద వ్యయము కాదు.