పూర్వుల కథలును వాని పరిశోధనయు

చరిత్ర పాఠము జరుగుచుండగా మా తరగతి విద్యార్థి యొకడు లేచి, "అయ్యగారూ, మా తాతకు తండ్రి యెవరో మాయింట నెవరికిని తెలియదు. పుస్తకములలో పేరు లేనివారికిని చరిత్ర యుండునా?" యని యడిగెను. వెంటనే తగిన యుత్తరము చెప్పలేకపోతిమి. పిమ్మట ఆలోచింపగా, అమెరికా దేశస్థులు తమ అంతర్యుద్ధకాలమునాటి పూర్వులను వెదకుకొను విధము మాకు జ్ఞప్తికి వచ్చెను. అది మన పిల్లలకును ఉపయోగపడునని తలంచి యిచ్చట వివరించుచున్నాము.

ఆ యుద్ధము 1861 ఏప్రిల్ నెలలో ఆరంభమై 1865లో ముగిసెను. బానిసత్వమును నిలుపుకొనగోరి దక్షిణ రాష్ట్రములు విడిపోగా, దేశము చీలరాదని ఉత్తర రాష్ట్రములు పోరాడినవి. మడిసిన సైనికులు 6,20,000 మంది యని చిరకాలము లెక్కించిరి. ఆ సంఖ్య 7,50,000 వఱకు నుండవచ్చునని ఇటీవలి పరిశోధనము తెలుపుచున్నది. వారిలో ఎక్కువమంది గుండ్లచేత గాక రోగములచేత చనిపోయిరి. అందుచేత ఆ దేశమున అనేక గృహములయందు ఆనాటి కథలు నేటికిని చెప్పుకొనుచున్నారు.

నోటిమాటగా వచ్చు కథ తరతరమునకు కొంత మాఱును. ఒక యింటివారు తమ పూర్వుడు గెట్టిస్బర్గు యుద్ధమున గాయపడెనని చెప్పుకొందురనుకొందము. ఆ యుద్ధము 1863 జూలై 1 మొదలు 3వ తేదీ వఱకు జరిగెను. పరిశోధకుడు మొదట ఆయన యే పటాలమున చేరెనో కనుగొని, పిదప ఆ పటాలపు హాజరుపట్టీలను చూచును. ఆ దినములలో ఆ పటాలము మిక్కిలి దూరమున విక్స్‌బర్గు ముట్టడిలో నుండినయెడల, కథ చెప్పిన రీతిగా జరిగియుండదు. అంతమాత్రమున ఆ పెద్ద అబద్ధమాడెనని తలంపరాదు. విక్స్‌బర్గు జూలై 4న లొంగిపోయెను; ఆ రెండును ఒకే వారపు వార్తలు. మనుమలు రెంటిలో ప్రసిద్ధమైన పేరునే జ్ఞాపకముంచుకొని యుందురు. గాయము నిజమై, స్థలము తప్పు కావచ్చును. కావున కథను పారవేయరాదు, పరీక్షింపక నమ్మనురాదు.

ఇట్టి పరీక్షకు మిక్కిలి తోడ్పడునవి పింఛను కాగితములు. ఉత్తర సైనికులకును వారి విధవలకును కేంద్ర ప్రభుత్వము పింఛను నిచ్చెను. దక్షిణ సైనికులకు తరువాతి కాలమున ఆయా రాష్ట్రములు ఇచ్చినవి. విధవ తన వివాహమును, బిడ్డల పుట్టుకను రుజువు చేయవలసి యుండెను. అందుకై కొందఱు తమ యింటి బైబిలులో జనన మరణములు వ్రాసియుంచిన పుటలనే చింపి పంపిరి. అట్టి పుటలు వాషింగ్టను నగరమునందలి జాతీయ దస్తావేజుల భాండారమున నేటికిని కలవు.

అయితే మా విద్యార్థి ప్రశ్నకు అసలైన యుత్తరము బానిసలుగా నుండినవారి చరిత్రలో నున్నది. 1860లో వారు దాదాపు 40 లక్షల మంది. 1850, 1860 సంవత్సరముల జనాభా లెక్కలలో యజమాని పేరు క్రింద వారి వయస్సు, వర్ణము, స్త్రీయో పురుషుడో యను వివరము మాత్రమే వ్రాసిరి. పేర్లు వ్రాయుట బహు అరుదు. విడుదలపొందిన పిమ్మట, 1870 లెక్కలలోనే తక్కిన ప్రజలతోపాటు వారి పేర్లు ఎక్కినవి.

అయినను వారి సంతతివారికి వేఱు దారులు దొరకినవి. ఉత్తర సైన్యమున దాదాపు 1,79,000 మంది నల్లజాతి సైనికులు పనిచేసిరి. వారిలో అనేకులు బానిసత్వము నుండి వచ్చినవారు. బానిసల వివాహమును చట్టము గుర్తింపనందున వారి విధవలయొద్ద వివాహపత్రములు లేవు. 1864లో చేసిన చట్టము సాక్షుల మూలమున దానిని రుజువు చేసికొనుటకు వీలు కల్పించెను. ఇరుగుపొరుగువారును, తోటి సిపాయిలును వచ్చి తాము ఎఱిగిన సంగతులు చెప్పగా ఉద్యోగులు వ్రాసికొనిరి. చదువు రానివారి నోటిమాట ఆ విధముగా దస్తావేజు ఆయెను.

మఱియు అమ్మకమువలన విడిపోయిన తల్లిని, తోబుట్టువులను వెదకుచు పత్రికలలో ప్రకటనలు వేయించిరి. న్యూ ఆర్లియన్సు నగరపు 'సౌత్‌వెస్టరన్ క్రిస్టియన్ అడ్వొకేట్' అను పత్రిక అట్టివానిని ప్రచురించి, సంఘకాపరులు వానిని దేవాలయములలో చదివి వినిపింపవలెనని కోరెను.

ఇక మన వైపు చూతము. ఆ యుద్ధము ముగియకమునుపే 1864లో అమెరికాలో ఓడ యెక్కిన జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలులో కాపురముండిరి. గొప్ప కరవు పిమ్మట, 1878 జూలై 3వ తేదీని, ఒంగోలు చెంత గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగవాడల పేదలు. వారి మునిమనుమలు తమ వంశమును వెదకదలచినచో సంఘపు బాప్తిస్మపు పుస్తకము చక్కని తొలిమెట్టు.

కావున విద్యార్థులారా, మొదట ఇంటి పెద్దల నడిగి, వారు చెప్పినమాట చెప్పినట్లే తేదీతో వ్రాసికొనుడు. తరువాత బైబిలు అట్టలోపలి పుటను, సంఘపు పుస్తకమును, పాత పట్టాలను, బడి సర్టిఫికెట్లను చూడుడు. విన్నదానిని, రుజువైనదానిని వేర్వేఱుగా నుంచుడు. అవమానకరమని తోచునది దొరకినను దాచవలదు. మత్తయి సువార్తలోని వంశావళి రాహాబు పేరును దాచలేదు గదా!

మమ్ము ప్రశ్నించిన ఆ చిన్నవానికి మా యుత్తరమిది: పేరు వ్రాయబడనివారికిని చరిత్ర కలదు. అయితే అది కొంతకాలము ఒకరిద్దఱు ముసలివారి జ్ఞాపకములోనే నిలిచియుండును. ఈ సెలవులలో మీ నాయనమ్మ చెంత కాగితము, కలము పట్టుకొని కూర్చుండుము. ఆమె వెళ్లిపోయిన పిమ్మట అడుగుటకు ఎవరుందురు?