బాల్యాన్ని దాచిన బొమ్మలు

పిల్లలూ! ఒక బొమ్మను ఊహించుకోండి. అందులో ఒక రాజు. చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ చీకటి కమ్మిన శ్మశానం. ఈ బొమ్మ ఏమిటో మీ అమ్మమ్మగారినో తాతగారినో అడిగి చూడండి. "విక్రమార్కుడు, భేతాళుడు!" అని వెంటనే చెబుతారు. అలా చెప్పేటప్పుడు వారి ముఖం గమనించండి. క్షణంసేపు వారు మీ ఈడు వారైపోతారు. ఒక బొమ్మకు ఇంత శక్తి ఎలా వచ్చింది?

ఆ బొమ్మ 'చందమామ' మాసపత్రికలోది. నాగిరెడ్డి, చక్రపాణి గారలు స్థాపించిన ఆ పత్రిక 1947 జులైలో తెలుగు, తమిళ భాషలలో మొదలయింది. తరువాత మరెన్నో భారతీయ భాషలలో వెలువడింది. భేతాళ కథల బొమ్మలతో పేరుపొందిన చిత్రకారుడు శంకర్. ఆయన పూర్తి పేరు కె.సి. శివశంకరన్. 1924లో పుట్టి, 2020లో కన్నుమూశారు. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్యగారు (1921–1992) ఆ పత్రికకు ఎన్నో ముఖచిత్రాలు వేశారు. ఆయనను అభిమానులు 'వ.పా.' అని పిలుచుకుంటారు. 2013 తరువాత చందమామ రావడం లేదు. కాని ఆ బొమ్మలు చూసినవారి మనస్సులో చెరగలేదు.

దీనికి మొదటి కారణం, ఒకే బొమ్మను ఎన్నో ఊళ్ళలో ఎందరో పిల్లలు చూడటం. ఇలా జనం అందరికీ తెలిసిన బొమ్మలు, పాటలు, ఆటలు, సినిమాలు కలిసి ఒక ఉమ్మడి ఆస్తి అవుతాయి. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు ఆ బొమ్మ మాట రాగానే స్నేహితులవుతారు.

రెండవ కారణం, బొమ్మ తన చుట్టూ ఉన్నవాటిని కూడా వెంట తెస్తుంది. మా ఇంట్లో ఒక రేకుపెట్టె నిండా పాత చందమామలు ఉండేవి. ఇల్లు మారేటప్పుడు పెద్దవాళ్ళు వాటిని పాతకాగితాలవాడికి తూకానికి ఇచ్చేశారు. నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఈనాటికీ భేతాళుడి బొమ్మ చూస్తే కథకంటే ముందు ఆ రేకుపెట్టె మూత చప్పుడే గుర్తుకు వస్తుంది. వెనుకటి రోజులమీద కలిగే ఈ తీయని బెంగతోనే చిత్రకారులు బాల్యాన్ని బొమ్మలుగా వేస్తారు.

బాల్యాన్ని చిత్రించడం నిన్న మొన్నటి పని కాదు. 1560లో పీటర్ బ్రూగెల్ అనే చిత్రకారుడు 'పిల్లల ఆటలు' అనే పెద్ద చిత్రం వేశాడు. అది ఇప్పుడు ఆస్ట్రియా దేశంలోని వియన్నా నగరంలో ఒక మ్యూజియంలో ఉన్నది. అందులో రెండు వందలకు పైగా పిల్లలు, సుమారు ఎనభై ఆటలు ఉన్నాయి. ఒకరు కళ్ళకు గంతలు కట్టుకున్నారు. ఒకరు చక్రం దొర్లిస్తున్నారు. మన ఆడపిల్లలు రాళ్ళతో అచ్చనగాయలు ఆడినట్లే ఒక మూల ఇద్దరు ఎముక ముక్కలతో ఆడుతున్నారు. ఆనాటి పిల్లలు ఏమి ఆడుకున్నారో మనకు ఈనాడు కళ్ళకు కట్టినట్లు తెలుస్తున్నది.

ఐతే ఇటువంటి బొమ్మను చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మనం ఉంటున్న ఒమాన్‌నే తీసుకోండి. 1970కి ముందు మస్కట్ పాతపట్టణపు ద్వారాలు రాత్రివేళ మూసేవారు. ఆ తరువాత వీధిలో నడిచేవారు చేతిలో లాంతరు పట్టుకోవలసిందే. ఒక ఒమానీ తాతగారు ఆ లాంతరు వెలుగును బొమ్మగా వేస్తే ఎంతో అందంగా ఉంటుంది. కాని ఆ రోజుల్లో దేశం మొత్తానికి మూడే మూడు ఆధునిక పాఠశాలలు ఉండేవన్న సంగతి ఆ లాంతరు చెప్పదు. జ్ఞాపకం తీపిని ఉంచుకుని చేదును వదిలివేస్తుంది. కనుక బొమ్మలో ఏమి ఉన్నదో చూడండి. ఏమి లేదో కూడా ఆలోచించండి.

ఈ సంగతులు తరగతిలో చెప్పినప్పుడు ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ! మాకు అరుగులు లేవు, చెరువు లేదు, చందమామ లేదు. మేము ఏ బొమ్మ వేయాలి?" అని అడిగింది. ఆ ప్రశ్న విని నా మనస్సు చివుక్కుమన్నది. తనకు దాచుకోదగిన బాల్యమే లేదని ఆ పిల్ల అనుకుంటున్నది!

అలా అనుకోకండి. మత్రా తీరంలో నిలిచిన చెక్క ఓడలు, రియాం కొండమీది పెద్ద ధూపపాత్ర, ఈద్ నాడు పక్కింటివారు పంపిన హల్వా, మీరు చూసే కార్టూను బొమ్మలు, ఇక్కడ సాయంత్రం ఆరు గంటలకు ఫోను చేస్తే "ఏడున్నరయింది, అన్నం తిన్నావా?" అని అడిగే అమ్మమ్మగారి గొంతు – ఇవే మీ బాల్యం. ఈరోజు ఇవి మామూలు వస్తువులు. ముప్పై ఏళ్ళ తరువాత వీటికోసమే మీరు బెంగపడతారు.

కనుక ఈ వారం ఒక తెల్లకాగితం తీసుకుని, మీకు బాగా ఇష్టమైన ఒక చోటును బొమ్మగా వేయండి. చిన్న వస్తువులను మరచిపోకండి. కింద తేదీ వేసి, ఆ బొమ్మ గురించి ఐదు వాక్యాలు తెలుగులో రాయండి. తరువాత దానిని జాగ్రత్తగా దాచండి. పాతకాగితాలలో మాత్రం కలిసిపోనివ్వకండి!