కట్టర్ ఎందుకు అరుస్తుంది?

అల్యూమినియం దిమ్మెలో పాకెట్ తీస్తున్న ఎండ్‌మిల్ మూల మలుపుకు చేరేసరికి ఉన్నట్టుండి కూత పెడుతుంది. షెడ్డులో ఆ చివరనున్న వాళ్లు కూడా తలతిప్పి చూసేంత కూత. మిషన్ ఆపి, కూలెంట్ తుడిచి, జాబ్‌ను లైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే గోడ నిండా చారలు కనిపిస్తాయి. ఈతచాప నేతలా అన్నీ ఒకే ఎడంతో ఉంటాయి. గోరుతో గీస్తే కిరకిరమని తగులుతాయి. వర్క్‌షాపుల్లో దీని పేరు చాటర్.

చాటర్ వినగానే ఆపరేటర్ చెయ్యి స్పీడు తగ్గించే నాబ్ మీదికి పోతుంది. నిమిషానికి 5,500 చుట్లు తిరుగుతున్న కట్టర్‌ను 4,000కు దించుతాడు. ఒక్కోసారి కూత తగ్గదు, పైగా గొంతు మారి ఇంకా పెరుగుతుంది. అదే కట్టర్‌ను, అదే లోతు కోతలో, 7,500కు పెంచితే నిశ్శబ్దమైపోతుంది. జాబ్ అద్దంలా వస్తుంది. స్పీడు పెంచితే అదురు ఆగడమేమిటన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి లోహపు కోత శాస్త్రానికి అర్ధ శతాబ్దం పట్టింది.

ఆ జవాబు ప్రోగ్రాంలో దొరకదు కాబట్టి సీఎన్‌సీ ప్రోగ్రాం సంగతి క్లుప్తంగా చూస్తే చాలు. జాబ్ మీద సున్నా ఎక్కడుందో జీ54 చెబుతుంది. సెట్టర్ ఎడ్జ్ ఫైండర్‌తో రెండు అంచులు పట్టుకుని ఆ విలువలను ఎక్కిస్తాడు. టూల్ ఎంత పొడవుందో జీ43 పక్కన హెచ్ సంఖ్య చెబుతుంది. టూల్‌ను జాబ్ పైముఖానికి తాకించి ఆ కొలత తీసుకుంటారు. ఎస్ అంటే స్పిండిల్ నిమిషానికి తిరిగే చుట్లు, ఎఫ్ అంటే టూల్ ముందుకు నడిచే వేగం. కంట్రోలర్ దృష్టిలో టూల్ అంటే ఒక పొడవు, ఒక వ్యాసం. అది వంగుతుందని ప్రోగ్రాంలో ఎక్కడా రాసి ఉండదు.

కానీ వంగుతుంది. కొల్లెట్‌లో బిగించిన ఎండ్‌మిల్ గోడకు దిగ్గొట్టిన కమ్మీ లాంటిది. ఒక కొస పట్టులో ఉంటుంది, రెండో కొస మీద బలం పడుతుంది. అది ఎంత వంగుతుందన్నది బయటికి ఉన్న పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది, వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి తగ్గుతుంది. కొల్లెట్ నుంచి 40 మి.మీ. బయటికున్న టూల్‌ను 60 మి.మీ. లాగి బిగిస్తే అదే బలానికి 3.4 రెట్లు వంగుతుంది. 12 మి.మీ. బదులు 16 మి.మీ. టూల్ వేస్తే వంపు మూడో వంతు కన్నా తగ్గుతుంది. పాకెట్ లోతుకు ఎంత కావాలో అంతే టూల్ బయటికి పెట్టాలని పాత సెట్టర్లు పట్టుబట్టేది ఇందుకే. వంగే ప్రతి వస్తువులాగే టూల్, హోల్డర్, స్పిండిల్ కలిసిన ఈ గొలుసుకూ ఒక సొంత లయ ఉంటుంది. గంటను ఎంత గట్టిగా కొట్టినా దాని స్వరం ఒకటే అయినట్టు, దీన్ని ఎలా తట్టినా తన సహజ పౌనఃపున్యంలోనే మోగుతుంది. ఇక్కడి లెక్కల కోసం అది సెకనుకు 750 సార్లు, అంటే 750 హెర్ట్జ్ అనుకోవచ్చు.

ఇప్పుడు అసలు యంత్రాంగం. దాన్ని మొదట లేత్ మీద చూడటం తేలిక. అక్కడ కోసే మొన ఒక్కటే, జాబ్ తిరుగుతుంటుంది. ఎక్కడో ఒక గట్టి రేణువు తగిలి మొన ఒక్కసారి అదిరింది. ఆ అదురు జాబ్ మీద చిన్న అలగా అచ్చుపడుతుంది. ఎత్తు మైక్రాన్లలోనే ఉంటుంది, కంటికి ఆనదు. జాబ్ ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి మొన ముందున్నది నున్నటి లోహం కాదు, తాను కిందటి చుట్టులో చెక్కిన అల. అల శిఖరం దగ్గర చిప్, అంటే తెగి లేచే లోహపు పొర, మందమవుతుంది, పల్లం దగ్గర పలచబడుతుంది. చిప్ మందం మారితే కోత బలం మారుతుంది. బలం మారితే మొన మళ్లీ అదురుతుంది, మళ్లీ కొత్త అల రాస్తుంది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అన్నట్టు, కిందటి చుట్టు తప్పు పై చుట్టుకు వస్తుంది. దీనికి శాస్త్రంలో పునరుత్పాదక చాటర్ అని పేరు. మిల్లింగ్‌లో కిందటి చుట్టు బదులు ముందు వెళ్లిన పన్ను ఆ అలను వదిలిపోతుంది. తేడా అంతే.

ఒక తరం అల తరువాతి తరంలో పెరుగుతుందా, ఆరిపోతుందా? ఇక్కడే ఈ విషయంలోని అందమంతా ఉంది. చిప్ మందం పాత అల మీదా కొత్త అల మీదా విడివిడిగా ఆధారపడదు, ఆ రెంటి మధ్య ఉన్న ఎడం మీద ఆధారపడుతుంది. పాత అల శిఖరం మీదికి కొత్త అల శిఖరం, పల్లం మీదికి పల్లం సరిగ్గా వచ్చాయనుకుందాం. చిప్ పై అంచూ కింది అంచూ రెండూ వంకరే, కానీ మధ్య మందం ఎక్కడ చూసినా ఒకటే. మందం మారకపోతే బలం మారదు, కొత్తగా ఎగదోసేది ఏమీ ఉండదు, అదురు దానంతటదే ఆరిపోతుంది.

అలలు పావు అల మేర తప్పితే కథ మారుతుంది. రెండు పళ్ల నడుమ టూల్ రెండు ముప్పావు సార్లు ఊగితే, మొన జాబ్ నుంచి బయటికి కదులుతున్న క్షణానే పాత శిఖరం ఎదురొస్తుంది. చిప్ మందంగా ఉండి బలం ఎక్కువవుతుంది, మొనను అది పోతున్న దిక్కుకే నెడుతుంది. మొన లోపలికి వస్తున్నప్పుడు ఎదురయ్యేది పల్లం. అప్పుడు చిప్ పలచన, అడ్డుకునే బలం తక్కువ. పోయేటప్పుడు గట్టి తోపు, వచ్చేటప్పుడు బలహీనమైన అడ్డు. ఉయ్యాల ఊపేవాళ్లు చేసేది సరిగ్గా ఇదే. ఉయ్యాల వెళుతున్నప్పుడు తోస్తారు, వస్తున్నప్పుడు చెయ్యి తీస్తారు. ప్రతి ఊపుకూ కొంచెం శక్తి చేరుతుంది. ఆ శక్తిని ఇచ్చేది స్పిండిల్ మోటారు. అదురు పెరిగి పెరిగి చివరికి పన్ను లోహాన్ని వదిలి గాలిలోకి లేచేదాకా పోతుంది. గాలిలో కోత లేదు కాబట్టి అక్కడ పెరుగుదలకు కళ్లెం పడుతుంది. చెవికి వినిపించే కూత ఆ స్థితిదే.

ఈ సంగతి చాలాకాలం పెద్దపెద్దవాళ్లకే అందలేదు. ఫ్రెడరిక్ విన్స్‌లో టేలర్ 26 ఏళ్ల పాటు కోత ప్రయోగాలు చేసి, 30,000కు పైగా పరీక్షలు నమోదు చేసి, 1906లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు ఆ ఫలితాలు ఉంచాడు. హైస్పీడ్ స్టీల్ టూల్ వెనకున్న వాళ్లలో ఆయనొకడు. మెషినిస్టు ఎదుర్కొనే సమస్యలన్నిటిలోకీ అంతుచిక్కనిది చాటరేనని ఆయన ఒప్పుకున్నాడు. చిప్ ముక్కలు ముక్కలుగా తెగుతున్నప్పుడు పుట్టే దెబ్బల లయ, మిషన్ భాగాల సహజ లయతో కలవడమే కారణమని తలచాడు. ఆ లెక్కన చిప్ తెగకుండా సాఫీగా రిబ్బనులా వచ్చే చోట చాటర్ ఉండకూడదు, కానీ అక్కడా ఉంటుంది. అయినా గుండ్రటి మొన టూల్ వాడమన్న ఆయన సలహా చాలాచోట్ల పనిచేసింది.

1946లో బ్రిటన్‌లో ఆర్నాల్డ్ అనే పరిశోధకుడు వేరే దారి పట్టాడు. కోత వేగం పెరిగేకొద్దీ కోత బలం తగ్గుతుందని కొలిచి, వయొలిన్ కమాను తీగను మోగించినట్టు ఆ తగ్గుదలే టూల్‌ను మోగిస్తుందన్నాడు. కొన్ని పరిస్థితుల్లో అలా జరిగే మాట నిజమే. కానీ ఒకే జాబ్‌లో 5,500 దగ్గర కూత, 7,500 దగ్గర నిశ్శబ్దం, మధ్యలో మెట్లుమెట్లుగా మార్పు ఎందుకో ఆ సిద్ధాంతం చెప్పలేదు. 1950ల్లో చెకొస్లొవేకియాలో యిర్జీ ట్లుస్టీ, బ్రిటన్‌లో టోబియాస్ అనే పరిశోధకులు ఎవరి దారిన వాళ్లు అల మీద అల సంగతి పట్టుకున్నారు. 1965లో మెరిట్ అనే పరిశోధకుడు దాన్ని ఫీడ్‌బ్యాక్ నియంత్రణ గణితంలోకి తెచ్చాడు. టూల్ తన గతాన్ని తానే వింటోందన్న ఎరుక కుదిరాక లెక్కలన్నీ దారిలో పడ్డాయి.

ఆ లెక్కల నుంచి పుట్టిన పటం ఒకటుంది. అడ్డంగా స్పిండిల్ స్పీడు, నిలువుగా కోత లోతు గీస్తే, చాటర్ హద్దు వరసగా వేలాడే తోరణాల్లా కనిపిస్తుంది. తోరణం లోపల కూత, కింద నిశ్శబ్దం. తోరణాల అడుగును తాకే లోతు ఒకటుంది. అంతకన్నా తక్కువ కోస్తే ఏ స్పీడులోనూ చాటర్ రాదు. రెండు తోరణాలు కలిసే సందులో మాత్రం హద్దు మేకులా పైకి లేస్తుంది. అక్కడ అదే మిషన్‌తో రెట్టింపు లోతు కోయడమూ సాధ్యమే.

ఆ సందులు ఎక్కడుంటాయో కాగితం మీద నాలుగు గీతలతో తేల్చవచ్చు. ఎండ్‌మిల్‌కు 3 పళ్లు, సహజ పౌనఃపున్యం 750. రెండు పళ్ల నడుమ సరిగ్గా ఒకే అల పట్టాలంటే 15,000 చుట్లు కావాలి. రెండు అలలకు 7,500, మూడింటికి 5,000, నాలుగింటికి 3,750. ఇప్పుడు 5,500 సంగతి చూడాలి. అక్కడ పళ్లు సెకనుకు 275 సార్లు తగులుతాయి. చాటర్ స్వరం సహజ పౌనఃపున్యానికి కాస్త పైన, 756 దగ్గర ఉంటే, పన్నుకు పన్నుకు మధ్య రెండు ముప్పావు అలలు. ఉయ్యాల తోపు సరిగ్గా కుదిరే చోటు అది. ఆపరేటర్ దించిన 4,000లో పళ్లు సెకనుకు 200 సార్లు తగులుతాయి, అంటే మూడు ముప్పావు అలలు. ఒక తోరణంలోంచి దూకి పక్క తోరణంలో పడ్డాడన్నమాట. 5,000 దగ్గర ఆగి ఉంటే సందు దొరికేది, 7,500 దగ్గర ఇంకా విశాలమైన సందు దొరికేది.

మరి స్పీడు తగ్గించమన్న పాత సలహా తరతరాలుగా ఎలా నిలిచింది? హైస్పీడ్ స్టీల్ టూల్‌తో నిమిషానికి 25 మీటర్ల వేగంతో కోసే రోజుల్లో అది నిజంగా పనిచేసేది. ఆ వేగంలో 800 హెర్ట్జ్ అదురు వదిలే అల పొడవు అర మిల్లీమీటరే. అంత బిగుతైన అలల మీద టూల్ వెనక ముఖం రుద్దుకుని అదురును తినేస్తుంది. కార్బైడ్ టూల్‌తో నిమిషానికి 200 మీటర్లు దాటాక అల నాలుగైదు మిల్లీమీటర్లకు సాగుతుంది, ఆ రుద్దుడు అందదు. అనుభవం అబద్ధం చెప్పలేదు, టూల్ మారిపోయింది.

సహజ పౌనఃపున్యం తెలుసుకోవడానికి ప్రయోగశాలల్లో టూల్ కొసకు సెన్సర్ అంటించి చిన్న సుత్తితో తడతారు. షెడ్డులో సెల్‌ఫోన్ చాలు. కూతను రికార్డు చేసి, స్వరాల పటం గీసే ఉచిత యాప్‌లో చూస్తే శిఖరాలు కనిపిస్తాయి. 5,500 దగ్గర 275, 550, 825 శిఖరాలు పళ్ల దెబ్బలవి, అవి మామూలు కోతలోనూ ఉంటాయి. వాటి మధ్య 756 దగ్గర నిలువునా లేచినది ఏ గుణిజమూ కాదు. చాటర్ ఆనవాలు అదే. 756ను 60తో హెచ్చించి, పళ్ల సంఖ్యతోనూ అలల సంఖ్యతోనూ భాగిస్తే రెండు అలలకు 7,560, మూడింటికి 5,040 వస్తుంది. అక్కడ మొదలుపెట్టి కాస్త అటూ ఇటూ జరిపితే సందు దొరుకుతుంది. శిఖరం స్పిండిల్ చుట్ల గుణిజం మీదే ఉంటే మాత్రం జబ్బు వేరు. పళ్లలో ఒకటి ఎక్కువ కోస్తుండవచ్చు, కొల్లెట్‌లో చిప్ ఇరుక్కుని ఉండవచ్చు.

ఇంత తేలికైన పరీక్ష బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల షెడ్లలో రోజువారీ అలవాటుగా మారకపోవడం బాధ కలిగిస్తుంది. కేటలాగులు కోత వేగం ఇస్తాయి. కానీ ఏ మిషన్‌లో, ఏ హోల్డర్‌లో, ఎంత బయటికి పెట్టి బిగిస్తారో కేటలాగుకు తెలియదు. ఒక మిషన్ మీద సాఫీగా నడిచిన ప్రోగ్రాం పక్క మిషన్ మీద కూత పెట్టేది ఇందుకే. టూల్‌ను 5 మి.మీ. ఎక్కువ బయటికి బిగించినా సందు వేరే స్పీడుకు జరిగిపోతుంది. అందుకని సెటప్ షీట్‌లో టూల్ నంబరు, ఆఫ్‌సెట్‌లతో పాటు ఓవర్‌హ్యాంగ్, అంటే బయటికున్న పొడవు కూడా మిల్లీమీటర్లలో రాసి ఉండాలి. పక్క షిఫ్టు వాళ్లు టూల్ మార్చినప్పుడు అంతే పొడవుకు బిగించాలి. ప్యానెల్ నాబ్ కూడా సహకరించదు. చాలా మిషన్లలో స్పిండిల్ నాబ్ కిందికి 50 శాతం దాకా పోతుంది, పైకి 120 దగ్గర ఆగుతుంది. 5,500 నుంచి 7,500కు పోవాలంటే ప్రోగ్రాంలో ఎస్ విలువే మార్చాలి.

ఎస్‌తో పాటు ఎఫ్ కూడా. పన్నుకు 0.08 మి.మీ. చొప్పున 3 పళ్లకు 5,500 దగ్గర ఫీడు నిమిషానికి 1,320 మి.మీ. స్పీడు 7,500 చేసి ఫీడు అలాగే వదిలితే పన్నుకు 0.06 మి.మీ. కూడా దక్కదు. పన్ను కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది, అల్యూమినియం అంచుకు అంటుకుంటుంది. ఎఫ్‌ను 1,800 చేయాలి. ఒకే పాకెట్ అదే లోతులో దాదాపు మూడో వంతు ఎక్కువ వేగంతో పూర్తవుతుంది.

సందు మిషన్ అందుకోలేని స్పీడులో ఉన్నప్పుడు పళ్ల ఎడమే మార్చిన ఎండ్‌మిల్ వాడతారు. నాలుగు పళ్లను 90 డిగ్రీలకు ఒకటి చొప్పున కాక కాస్త ఎక్కువ తక్కువలుగా పేరుస్తారు. ఒక పన్ను అలకు రెండో పన్ను పావు తప్పితే, మూడో పన్నుకు ఆ పావు కుదరదు. ఒకరు తోసిన ఉయ్యాలను ఇంకొకరు పట్టుకున్నట్టవుతుంది. స్లావిచెక్ అనే పరిశోధకుడు 1965లోనే దీని లెక్క ఇచ్చాడు. లేత్ మీద రంధ్రం లోపల కోసే బోరింగ్ బార్‌కు మొన ఒక్కటే కాబట్టి అక్కడ బార్‌ను బిగించే పట్టే మార్గం. స్టీల్ బార్‌ను దాని వ్యాసానికి నాలుగు రెట్లకు మించి బయటికి చాచరు, కార్బైడ్ బార్ అయితే ఆరు రెట్ల దాకా. అంతకు మించిన లోతుకు కడుపులో బరువు, రబ్బరు, నూనె అమర్చిన బార్లున్నాయి. మరో దారిగా కొన్ని లేత్‌ల కంట్రోలర్లు స్పిండిల్ స్పీడును కోత సాగుతుండగానే కొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. జాబ్ ఒక్కో చుట్టుకు పట్టే సమయం మారుతుంటుంది కాబట్టి, కిందటి చుట్టులో చెక్కిన అల మీద మొన ఏ రెండు చుట్లలోనూ ఒకే తీరుగా దిగదు.