ఫోను అమ్మ చేతిలోనే ఉండనివ్వండి

నా కొట్టుకొచ్చే పెద్దవాళ్లని నేను ముందుగా అడిగేది ఒకటే. "ఫోను ఎత్తడమేనా, చెయ్యడం కూడా వచ్చా?" చాలామంది చెప్పే జవాబూ ఒకటే. "ఎత్తడం వచ్చు బాబూ. చెయ్యాలంటే పక్కింటి కుర్రాడు చేసిపెడతాడు."

నరసాపురం వైపు ఒక మండల కేంద్రంలో రీచార్జి, రిపేరు కొట్టు నాది. చుట్టుపక్కల పల్లెల్లో వీధికి ఒకరిద్దరైనా కువైట్లోనో మస్కట్లోనో ఉంటారు. చదువుకున్నవాళ్లు హైదరాబాదులో ఉంటారు. ఇళ్లు కాచుకుని ఉండేది పెద్దవాళ్లే. పిల్లలు సెలవులకి వచ్చి, వెళ్లేముందు వాళ్లకి ఒక బటన్ ఫోను కొనిచ్చి వెళతారు. మా దగ్గర దాన్ని చిన్న ఫోను అంటారు.

ఎత్తడం మాత్రమే వస్తే అది సగం ఫోనే. అవతలివాళ్లకి తీరిక దొరికినప్పుడే అది పనికొస్తుంది. రాత్రి దొడ్లో కాలు జారినప్పుడు, బీపీ మాత్రలు అయిపోయినప్పుడు, ఏమీ తోచక కూతురితో నాలుగు మాటలు మాట్లాడాలనిపించినప్పుడు అది బల్లమీద ఊరికే పడి ఉంటుంది. పక్కింటి కుర్రాడు కాలేజీ నుంచి వచ్చేదాకా ఆ పెద్దావిడ ఎదురుచూస్తూ కూర్చోవాలి. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

చెయ్యకపోవడానికి బటన్లు తెలియకపోవడం ఒక్కటే కారణం కాదు. డబ్బులు పోతాయన్న భయం ఉంది. ఆ భయం ఉత్తినే పుట్టలేదు. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. వచ్చిన ఫోను ఎత్తినా డబ్బులు పడేవి. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. అదే ఏడాది నోకియా 1100 వచ్చింది. టార్చిలైటు ఉండేది, కీప్యాడ్‌లోకి దుమ్ము దూరేది కాదు. ప్రపంచం మొత్తమ్మీద ఆ ఒక్క మోడలే 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మామూలు ఇళ్లలోకి ఫోను అడుగుపెట్టింది ఆ కాలంలోనే. ఎత్తితే ఉచితం, చేస్తే ఖర్చు. అందుకే ఒక మిస్డ్ కాల్ ఇచ్చి, అవతలివాళ్లు చేసేదాకా ఆగడం ఇంటింటికీ అలవాటైంది. రోజులు మారాయి. ప్యాక్ వేయిస్తే ఎన్నిసార్లు చేసినా అదే డబ్బు. కానీ ఆ మాట పెద్దవాళ్లకి ఎవరూ విడమరచి చెప్పలేదు. నేను బటన్ల జోలికి వెళ్లేముందు ఇదే చెబుతాను. "మన దేశంలో ఎవరికి చేసినా, ప్యాక్ ఉన్నన్నాళ్లు మీకు పైసా ఎక్కువ పడదండి." ఆ మాట వినగానే సగం బెరుకు పోతుంది.

ఇక నేర్పడం. కొడుకులు ఎలా నేర్పుతారో నా కౌంటర్ ముందే చూస్తుంటాను. కొడుకు ఫోను తన చేతిలోకి తీసుకుంటాడు. "ఇదిగోనమ్మా, మెనూ నొక్కు, కాంటాక్ట్స్, కిందికి రా, ఆప్షన్స్, కాల్. వచ్చిందా?" ఆవిడ వచ్చిందంటుంది. రాలేదు. బస్సుకి టైమవుతోందని, కొడుకు విసుక్కుంటాడని అలా అంటుంది. చూసింది మర్చిపోతాం, చేసింది గుర్తుంటుంది. అందుకే నా కొట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. నేర్చుకునేవాళ్ల చేతిలోంచి ఫోను తీసుకోను. నా చేతులు కౌంటర్ మీదే ఉంటాయి, నోటితో చెబుతాను. ఆవిడ తప్పు బటన్ నొక్కితే ఎర్ర బటన్ నొక్కమంటాను. ఎక్కడ తప్పిపోయినా ఎర్ర బటన్ మొదటికి తెచ్చి వదులుతుంది. ఈ ధైర్యం ఒక్కటి వస్తే మిగతావన్నీ వాటంతట అవే వస్తాయి. ఒక్క జాగ్రత్త చెప్పాలి. దాన్ని నొక్కి వదలాలి, పట్టుకుని ఉండకూడదు. పట్టుకుంటే ఫోను ఆగిపోతుంది.

మొదటి పాఠం కాల్ కాదు, లాకు. కాసేపు ముట్టుకోకపోతే తెర నల్లబడి, లాకు పడుతుంది. ఏం నొక్కినా పలకదు. పాడైపోయిందని మామ్మగార్లు రుమాల్లో మూటకట్టి నా దగ్గరికి తెస్తారు. చాలా ఫోన్లలో ఎడమవైపు పై బటన్, ఆ వెంటనే స్టార్ నొక్కితే లాకు తీసుకుంటుంది. ఈ రెండూ వరసగా వేళ్లకి అలవాటయ్యేదాకా ఇంకోటి చెప్పను.

తర్వాత అయిదో నంబరు. ఏ బటన్ ఫోనైనా తీసుకుని అయిదు మీద వేలు పెట్టి చూడండి. చిన్న బొడిపె తగులుతుంది. ఆ బొడిపె ఎందుకుందో ఫోను కొన్నవాళ్లలో చాలామంది ఎరగరు. చూపు లేనివాళ్లకి, చీకట్లో ఉన్నవాళ్లకి అది దారి చూపిస్తుంది. దాని పైన రెండు, కింద ఎనిమిది, ఎడమ పక్క నాలుగు, కుడి పక్క ఆరు. కరెంటు పోయినా వంటింట్లో ఉప్పు డబ్బా మీదికి చెయ్యి తిన్నగా వెళ్లినట్టు, బొటనవేలు అక్కడికి వెళ్లాలి. శుక్లాల ఆపరేషనుకి ముందు ఒక మామ్మగారు కళ్లు చాలా మసకబారి నా దగ్గరికొచ్చారు. తెర చూడొద్దండి, బొడిపె పట్టుకోండి అన్నాను. కళ్లు మూసుకుని, పెదవులు కదుపుకుంటూ, ఒక్కొక్క అంకే పైకి చదువుకుంటూ పది అంకెలూ కొట్టారు. పచ్చ బటన్ నొక్కారు. హైదరాబాదులో ఉన్న కూతురు ఎత్తి, "ఎవరు చేసిపెట్టారమ్మా?" అంది. "నేనేనే, నా చేత్తో నేనే!" అన్నారు ఆవిడ. కొట్లో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు.

పది అంకెలూ గుర్తుండనివాళ్లకి స్పీడ్ డయల్ ఉంది. ఒక్కో అంకెకి ఒక్కో మనిషిని కట్టేస్తాం. రెండుని కాసేపు నొక్కి పట్టుకుంటే పెద్దబ్బాయికి వెళ్లిపోతుంది, మూడుని పట్టుకుంటే కూతురికి, నాలుగుని పట్టుకుంటే మందుల షాపుకి. చదువు రానివాళ్లకి దీన్ని మించింది లేదు. అయిదు, తొమ్మిది మాత్రం నేను ఖాళీగా వదిలేస్తాను. దానికో కారణముంది. 2017 నుంచి అమ్మే చిన్న ఫోన్లలో ఆపద బటన్ ఉండాలని కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టింది. అయిదు గానీ తొమ్మిది గానీ నొక్కి పట్టుకుంటే 112కి కాల్ వెళ్లాలి. మీ ఫోనులో ఆ రెండింటిలో ఏది పనిచేస్తుందో కొనేటప్పుడే అడగండి. 112 దేశమంతటికీ ఒకటే అత్యవసర నంబరు. మనవాళ్ల నోట్లో ఇంకా బాగా ఆడేది 108. 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైన అంబులెన్సు నంబరు కదా. ఈ రెండూ ఉచితం.

పేరు సేవ్ చేసేటప్పుడు రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, నంబర్లు ఫోనులో దాస్తున్నామా, సిమ్‌లోనా అన్నది. సిమ్‌లో ఉంటే ఫోను నీళ్లలో పడినా, సిమ్ తీసి వేరేదాంట్లో వేసుకుంటే నంబర్లు వచ్చేస్తాయి. రెండోది భాష. ఇప్పుడొచ్చే ఫోన్లలో చాలావాటికి తెలుగు మెనూ ఉంటుంది. తెలుగు చదవగలిగిన మనిషికి ఇంగ్లీషు మెనూ పెట్టి ఇవ్వడం అన్యాయం. సెట్టింగ్స్‌లో భాష మార్చడానికి పెద్ద టైమేమీ పట్టదు, అయినా ఎవరూ మార్చరు. మెసేజు కూడా తెలుగులో కొట్టుకోవచ్చు. కాకపోతే ఒక మెసేజులో ఇంగ్లీషు అక్షరాలు 160 పడితే తెలుగులో 70కే నిండిపోతుంది. గుణింతాలూ వత్తులూ కూడా లెక్కలోకి వస్తాయి. "క్షేమంగా చేరాం" అనడానికి మాత్రం బోలెడంత చోటు.

నా దగ్గరికి రిపేరుకొచ్చే ఫోన్లలో చాలావాటికి రిపేరే ఉండదు. వాటిలో అన్నిటికంటే ఎక్కువ గుండెలదరగొట్టేది సైలెంటు. చాలా మోడళ్లలో హ్యాష్ గుర్తుని నొక్కి పట్టుకుంటే మోత ఆగిపోతుంది. చీర కుచ్చిళ్ల దగ్గర దోపుకున్నప్పుడో, సంచిలో పడేసినప్పుడో అది దానంతటదే నొక్కుకుంటుంది. తెర మీద కొట్టేసిన గంట బొమ్మ కనబడుతుంది, కానీ ఆవిడ దాన్ని చూడరు. అక్కడ కువైట్లో కొడుకు పదిసార్లు చేసి, అమ్మ ఎత్తట్లేదని హడలిపోయి, పక్కింటివాళ్లకి, ఎదురింటివాళ్లకి, చివరికి నాకు చేస్తాడు. నేను సైకిలేసుకుని వెళ్లి చూస్తే ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటారు. ఫోను పక్కనే ఉంటుంది. అదే హ్యాష్‌ని మళ్లీ పట్టుకుంటే మోత తిరిగొస్తుంది. గంట బొమ్మ గుర్తుపట్టడం ఒక్కటి నేర్పితే ఎన్ని ఇళ్లలో ఈ గాభరా తప్పుతుందో!

రెండోది మాట వినపడకపోవడం. మాట్లాడేటప్పుడు మధ్యలో ఉన్న పైకీ కిందకీ బటనే గొంతు పెంచుతుంది, తగ్గిస్తుంది. చెంపకి నొక్కుకుని అది తగ్గిపోతుంది. చెవికి వినికిడి పోయిందేమోనని దిగులుపడి వచ్చిన తాతగారు ఒకాయన ఉన్నారు. పైకి నొక్కించాను, సరిపోయింది. ఎదురుగా నన్ను చూసి ఆయన వదిలిన నిట్టూర్పు నాకింకా వినబడుతూనే ఉంటుంది.

కొనేముందు ఒక సంగతి గమనించండి. అన్ని చిన్న ఫోన్లూ ఒకటి కావు. కొన్ని 2జీ, కొన్ని 4జీ. జియోకి 2జీ లేదు, కాబట్టి ఆ సిమ్ పాత 2జీ ఫోనులో వేస్తే సిగ్నలే రాదు. ముందు సిమ్ ఏదో చూసుకుని ఫోను కొనండి. రీచార్జికి వచ్చినప్పుడు, "నెట్ వద్దు, మాటలకీ మెసేజులకీ ఉన్నది వెయ్యి" అని నోరు తెరిచి అడగండి. చిన్న ఫోనులో వాడుకోని నెట్‌కి పెద్దవాళ్లు ఏళ్ల తరబడి డబ్బు కట్టారు. మాటలకీ మెసేజులకీ మాత్రమే ఉండే ప్యాకులు తప్పకుండా ఉంచాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం పెట్టింది. వాటికి 365 రోజుల దాకా వేలిడిటీ ఇవ్వొచ్చని కూడా అంది.

మోసగాళ్ల గురించి చెప్పకుండా నేను ఎవర్నీ పంపించను. చిన్న ఫోనుకి లింకుల బెడద తక్కువే గానీ, మాట చాలు వాళ్లకి. బ్యాంకు నుంచి అంటారు, మెసేజులో వచ్చిన అంకెలు చదవమంటారు. ఆ అంకెలు కన్నకొడుక్కి కూడా ఫోనులో చెప్పొద్దంటాను. స్టార్‌తో మొదలయ్యే నంబరేదైనా కొట్టమన్నా కొట్టకూడదు. దాంతో మన కాల్స్ వాళ్లకి మళ్లిపోవచ్చు. ఇప్పటికే కొట్టేశామని అనుమానముంటే రెండు హ్యాష్‌లు, 002, మళ్లీ హ్యాష్ కొట్టి పచ్చ బటన్ నొక్కండి. మళ్లింపులన్నీ రద్దవుతాయి. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి చెయ్యాలి. ఈ నంబరు అట్టముక్క మీద లావుపాటి అక్షరాలతో రాసి ఇస్తాను, గోడకి తగిలించుకోమని.

ఊరెళ్లే పిల్లలకి నేను చెప్పేది ఇదీ. వెళ్లేరోజు కాదు, వచ్చిన మర్నాడే మొదలుపెట్టండి. రోజూ వీధి చివరిదాకా వెళ్లి, అమ్మ చేత మీకు ఫోను చేయించుకోండి. ఇంట్లో ఎదురుగా కూర్చుంటే చెయ్యి మీదే ముందు వెళుతుంది. పైదేశంలో ఉండేవాళ్లయితే మీ నంబరు దేశం కోడ్‌తో సేవ్ చెయ్యండి. సున్నాని నొక్కి పట్టుకుంటే ప్లస్ గుర్తు వస్తుంది, కువైట్‌కి దాని వెనక 965. ఆ కాల్స్ మామూలు ప్యాకులో రావు, విడిగా బ్యాలెన్స్ ఉండాలి. అదెంత ఉందో, నిమిషానికి ఎంత పడుతుందో ఆవిడకి దాచకుండా చెప్పండి. ఇంకొకటి, కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. మా మామ్మలు తెల్లవారుజాము నాలుగింటికే లేస్తారు. చెయ్యడం వచ్చాక ఇక ఆగరు. అప్పుడు మీకు అర్ధరాత్రి ఒకటిన్నర. పొద్దున కాఫీ తాగి, పూజ చేసుకుని, ఎనిమిది దాటాక చెయ్యమనండి.